హాస్పిటల్ బిల్లు చేరిన రోజు నుంచే చదవాలి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో ఒక కార్పొరేట్ హాస్పిటల్‌లో ఐదు రోజులుండి బయటికొస్తే చేతికొచ్చే బిల్లు ఓ చిన్న పుస్తకమంత ఉంటుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కూడా చివరి రోజు కౌంటర్ దగ్గర యాభై వేలో డెబ్బై వేలో సొంతంగా కట్టి, అది దేనికి కట్టామో తెలియకుండానే ఇంటికి వెళ్తుంటారు. ఆ డబ్బులో పెద్ద భాగం చివరి రోజు ఎంత గట్టిగా అడిగినా తగ్గదు. అడ్మిషన్ ఫారంలో ఏ రూమ్ కావాలో రాసినప్పుడే అది ఖాయమైపోతుంది.

అందుకే ముందు రూమ్ సంగతి. పాలసీ కాగితాల్లో 'రూమ్ రెంట్ లిమిట్' ఎక్కడుందో వెతకండి. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొద్ది పేజీల కాగితం ఇస్తారు, అందులో ఇలాంటి పరిమితులన్నీ ఒకేచోట దొరుకుతాయి. పాత పాలసీల్లోనూ, కంపెనీలు ఉద్యోగులకిచ్చే చాలా గ్రూప్ పాలసీల్లోనూ రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో (పాలసీ మొత్తం బీమా విలువలో) 1 శాతం, ఐసీయూకి 2 శాతం అని ఉంటుంది. అంటే 3 లక్షల పాలసీ మీద రోజుకు 3,000 రూపాయల రూమ్. ఇప్పుడు 5,000 రూమ్ తీసుకున్నారనుకోండి. రోజుకు 2,000 చొప్పున ఐదు రోజులకు 10,000 మనం పెట్టుకుంటే సరిపోతుంది కదా అని అందరూ అనుకుంటారు. లెక్క అలా ఉండదు.

దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. మీకు అర్హత ఉన్న అద్దె 3,000, తీసుకున్నది 5,000 కాబట్టి నిష్పత్తి 60 శాతం. రూమ్‌తో పాటు డాక్టర్ విజిట్లు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు, నర్సింగ్, అన్నిటికీ ఇన్సూరెన్స్ 60 శాతమే ఇస్తుంది. బిల్లు ఇలా ఉందనుకుందాం: రూమ్ 25,000, విజిట్లు 15,000, ఆపరేషన్ ఖర్చులు 1,20,000, మందులు 50,000, టెస్టులు 25,000. మొత్తం 2,35,000. రూమ్‌లో 10,000 కోత. విజిట్లు, ఆపరేషన్ కలిపిన 1,35,000లో 54,000 కోత. మందుల బిల్లులో గ్లవ్స్, డైపర్ల లాంటి ఇవ్వని వస్తువులు ఓ 6,000. మొత్తం 70,000 మీ జేబులోంచి పోతుంది. పదివేలనుకున్నది డెబ్బై వేలయింది. పైగా చాలా హాస్పిటళ్లలో సర్జన్ ఫీజు కూడా రూమ్ కేటగిరీని బట్టి పెరుగుతుంది. అదే ఆపరేషన్‌ను షేరింగ్ రూమ్‌లో ఉండి చేయించుకుంటే ఆ 1,20,000 కూడా తక్కువే అయ్యేది.

ఈ కోతలోనూ ఒక హద్దు ఉంది, చాలామంది దాన్ని వాడుకోరు. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నిబంధనల ప్రకారం మందులు, కన్స్యూమబుల్స్ (వాడిపారేసే వస్తువులు), ఇంప్లాంట్లు (శరీరంలో అమర్చేవి), వైద్య పరికరాలు, టెస్టుల మీద ఈ నిష్పత్తి కోత పెట్టకూడదు. ఐసీయూ చార్జీల మీద కూడా పెట్టకూడదు. రూమ్ మారినా రేట్లు మారని హాస్పిటళ్లలో అసలు ఈ కోతే వర్తించదు. పై లెక్కలో పొరపాటున మందులు, టెస్టుల్లో ఆ 6,000 పోగా మిగిలిన 69,000 మీద కూడా 40 శాతం కోసేస్తే ఇంకో 27,600 అదనంగా పోతుంది. ఇలాంటి పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. అందుకే ఫైనల్ అప్రూవల్ లెటర్ రాగానే ఏ హెడ్ కింద ఎంత కోశారో చూడండి. ఫార్మసీ, ఇన్వెస్టిగేషన్స్ పక్కన 'ప్రపోర్షనేట్' అని కనిపిస్తే అక్కడికక్కడే ఇన్సూరెన్స్ డెస్క్ చేత టీపీఏకి (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థకు) రాయించండి.

అడ్మిషన్ కౌంటర్‌లో "షేరింగ్ ఖాళీ లేదు, సింగిల్ రూమే ఉంది" అనడం మామూలే. అప్పుడు రెండు పనులు చేయండి. మీ అర్హత రూమ్ ఖాళీ లేనందువల్లే పై కేటగిరీ ఇచ్చినట్టు ఫైల్‌లో రాయించుకోండి. ఖాళీ అయిన వెంటనే మార్చమని అప్పుడే చెప్పి ఉంచండి. రాసినంత మాత్రాన ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటుందని కాదు, కానీ తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే చేతిలో ఓ కాగితం ఉంటుంది. ఇంకో విషయం: ఐసీయూ కాని రూమ్ అద్దె రోజుకు 5,000 దాటితే 2022 జూలై 18 నుంచి దానిపై 5 శాతం జీఎస్టీ పడుతోంది.

కేస్ షీట్‌లో రాసే మొదటి వాక్యం

రూమ్ వల్ల కోత పడుతుంది, ఈ వాక్యం వల్ల క్లెయిమే తిరస్కరణ కావచ్చు. అడ్మిట్ అయిన రాత్రి డ్యూటీ డాక్టర్ వచ్చి షుగర్ ఎన్నాళ్ల నుంచి, బీపీ ఎన్నాళ్ల నుంచి, సిగరెట్టు, మందు అలవాట్లున్నాయా అని అడిగి రాసుకుంటారు. కంగారులో పక్కనున్న బంధువు "చాలా ఏళ్ల నుంచి ఉంది డాక్టర్" అంటే అక్కడ 'పదేళ్లుగా' అని పడిపోతుంది. పాలసీ తీసుకుని నాలుగేళ్లే అయితే, ముందే ఉన్న జబ్బును దాచారని క్లెయిమ్ ఆపేయడానికి ఆ ఒక్క వాక్యం చాలు. కాబట్టి రోగి సంగతి సరిగ్గా తెలిసినవాళ్లే ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటిసారి షుగర్ బయటపడిన రిపోర్టు తేదీ ఫోన్‌లో ఫోటోగా పెట్టుకుంటే మంచిది. అబద్ధం చెప్పమని నా ఉద్దేశం కాదు. దాచి పాలసీ తీసుకున్నవాళ్లకు ఈ చిట్కా పనిచేయదు, పనిచేయకూడదు కూడా. కానీ నిజంగా రెండేళ్ల కిందట వచ్చిన జబ్బు పదేళ్లదిగా రాస్తే, డిశ్చార్జ్ సమ్మరీ సంతకమయ్యేలోపే పాత రిపోర్టు చూపించి సరిచేయించండి. సంతకమయ్యాక చేసే దిద్దుబాటును ఇన్సూరెన్స్ వాళ్లు అనుమానంగానే చూస్తారు.

2024లో మారిన నియమాల ప్రకారం ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్ (క్లెయిమ్ రాని గడువు) మాత్రమే పెట్టాలి. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిస్తే, మోసం రుజువైతే తప్ప, సమాచారం దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. అందుకే అమ్మానాన్నల పాత పాలసీని ప్రీమియం పెరిగిందని వదిలేసి కొత్తది తీసుకోవడం ప్రమాదం. మార్చాలనుకుంటే పోర్టింగ్ (పాత పాలసీని వేరే కంపెనీకి బదిలీ) ద్వారా మార్చండి, గడిచిన నెలలు లెక్కలోకి వస్తాయి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు కాబట్టి రెన్యూవల్ నోటీసులో ఆ జీఎస్టీ వరస ఇంకా ఉందేమో చూడండి.

మందుల బిల్లు

బిల్లు పెరగడానికి నిత్యం జరిగే కారణం మందులు, వాడిపారేసే వస్తువులు. నర్సింగ్ స్టేషన్ నుంచి ఫార్మసీకి ఇండెంట్ (కావాల్సిన మందుల జాబితా) వెళ్తుంది, మందులు పైకొస్తాయి, రోగి పేరున ట్రేలో పెడతారు. డాక్టర్ మూడో రోజు యాంటీబయాటిక్ మారుస్తారు. పాతదాని మిగిలిన వయల్స్ (ఇంజెక్షన్ సీసాలు) ట్రేలోనే ఉండిపోతాయి. వాటిని ఎవరో ఒకరు రిటర్న్ చేయకపోతే డబ్బు మీదే. ప్రతి సాయంత్రం నర్సును "ఈరోజు ఆగిపోయిన మందులేమైనా ఉన్నాయా, రిటర్న్ పెట్టారా" అని మర్యాదగా అడగండి. సీల్ తీయని వయల్స్, కత్తిరించని స్ట్రిప్పులే వెనక్కి తీసుకుంటారు. ఇన్సులిన్ లాంటి ఫ్రిజ్ మందులు సాధారణంగా తీసుకోరు, కాబట్టి అవి ఎక్కువ తెప్పించకుండా చూడాలి.

లెక్క సరిచూడడం తేలికే. డ్రగ్ చార్టులో రోజుకు ఎన్నిసార్లు ఇచ్చారో ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఇచ్చే గ్యాస్ ఇంజెక్షన్ ఐదు రోజులకు 10 వయల్స్. మూడు పూటలా ఇచ్చే యాంటీబయాటిక్ 15. బిల్లులో 14, 21 కనిపిస్తే తేడా అడగాలి. మొదటి రోజు, చివరి రోజు పూర్తి డోసులు ఉండవని మర్చిపోవద్దు. చేతికి పెట్టే క్యాన్యులాను మామూలుగా మూడు నాలుగు రోజుల దాకా ఉంచుతారు. ఐదు రోజుల్లో ఆరు క్యాన్యులాలుంటే, నరం దొరక్క మళ్లీ మళ్లీ పొడిచారా, లేక లెక్క తప్పిందా అని అడగడంలో తప్పులేదు. ముసలివాళ్లలో నరాలు దొరక్కపోవడం నిజంగానే జరుగుతుంది, అందుకే నిందలా కాకుండా ప్రశ్నలాగే అడగండి.

ఐదు రోజులు పూర్తయ్యాక ఇవన్నీ గుర్తుండవు. రోజుకొకసారి ఇంటరిమ్ బిల్లు (అప్పటిదాకా అయిన బిల్లు) ప్రింట్ అడగండి, ఇస్తారు. నిన్నటి దాంట్లో లేని వరసలు మాత్రమే చూస్తే పావుగంట పని.

ఎమ్మార్పీ మీద డిస్కౌంట్ ఇవ్వకపోవడం ఒక సమస్యే, కానీ అసలు తేడా బ్రాండ్ దగ్గరుంది. ఒకే మందుకు ఒక బ్రాండ్ ఎమ్మార్పీకీ ఇంకో బ్రాండ్ ఎమ్మార్పీకీ కొన్ని రెట్ల తేడా ఉంటుంది. ప్రభుత్వ ధరల నియంత్రణ జాబితాలో ఉన్న మందులకు గరిష్ఠ ధర ఉంది, జాబితాలో లేనివాటి ఎమ్మార్పీని కంపెనీలు ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు. మొదటి ధరే ఎక్కువగా పెడితే ఆ పది శాతం వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. రౌండ్స్‌లో డాక్టర్‌ను "ఇదే మందు ధర తక్కువ బ్రాండ్ వాడొచ్చా అండీ" అని నేరుగా అడగండి. ఫార్మసీలో అడిగితే ఉపయోగం లేదు, మార్చే అధికారం డాక్టర్‌దే. మందులు, టెస్టులు ఎక్కడ కొనుక్కోవాలో, చేయించుకోవాలో ఎంచుకునే హక్కు కేంద్ర ఆరోగ్య శాఖ రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఐసీయూలో ఉన్న రోగికి బయటి మందులు తెచ్చివ్వడం ఆచరణలో కష్టం, సమయం వృథా. డిశ్చార్జ్ తర్వాత నెలల తరబడి వాడాల్సిన బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందుల్ని మాత్రం హాస్పిటల్ ఫార్మసీలోనే కొనాల్సిన పని లేదు. మందు అసలు పేరు (జెనరిక్ పేరు) రాయించుకుని జన ఔషధి కేంద్రంలో అడగండి.

స్టెంట్లు (గుండె రక్తనాళంలో పెట్టే గొట్టాలు), మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 నుంచి ప్రభుత్వ పరిమితి ఉంది. మందు పూతున్న స్టెంట్‌కు ఆ ఏడాది ఫిబ్రవరిలో 29,600 రూపాయలుగా మొదలుపెట్టి, తర్వాత టోకు ధరల సూచీని బట్టి సవరిస్తున్నారు. బిల్లులో స్టెంట్ ధర విడిగా, బ్రాండ్, తయారీ కంపెనీ, బ్యాచ్ నంబర్‌తో సహా ఉండాలి. పెట్టెమీది స్టిక్కర్ కేస్ షీట్‌లో అతికిస్తారు. దాని ఫోటో తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు స్టిక్కర్, ఇన్వాయిస్ రెండూ అడుగుతారు. రెండు స్టెంట్ల బిల్లుకు రెండు స్టిక్కర్లు ఉండాలి.

ఇవ్వని వస్తువులు, అడగకూడని వస్తువులు

ఐఆర్‌డీఏఐ నాలుగు జాబితాలు పెట్టింది. మొదటిదాంట్లో 68 వస్తువులు: డైపర్లు, గ్లవ్స్, క్రేప్ బ్యాండేజ్, బెల్టులు, అటెండెంట్ భోజనం లాంటివి. పాలసీలో ప్రత్యేకంగా కవర్ ఉంటే తప్ప ఇవి మీరే కట్టాలి. ఇవాళ చాలా పాలసీల్లో కొద్దిపాటి అదనపు ప్రీమియంతో కన్స్యూమబుల్స్ కవర్ దొరుకుతోంది. తరచుగా హాస్పిటల్ అవసరం పడే పెద్దవాళ్ల పాలసీలో అది తీసుకోవడమే మేలు.

మిగిలిన మూడు జాబితాల తీరు వేరు. అడ్మిషన్ కిట్, ఫైల్ చార్జీ, డాక్యుమెంటేషన్ చార్జీ, హౌస్‌కీపింగ్, ఏసీ చార్జీ రూమ్ అద్దెలో కలిసి ఉండాల్సినవి. దూది, గాజుగుడ్డ, సర్జికల్ టేప్, ఎక్స్‌రే ఫిల్మ్ ఆపరేషన్ చార్జీలో కలిసినవి. రిజిస్ట్రేషన్, యూరిన్ బ్యాగ్, ఆల్కహాల్ స్వాబ్, ఇన్ఫ్యూజన్ పంపు చికిత్స ఖర్చులో కలిసినవి. వీటిని విడిగా రాస్తే ఇన్సూరెన్స్ ఇవ్వదు, అప్పుడు హాస్పిటల్ 'నాన్ పేయబుల్' అని ముద్ర వేసి మీ దగ్గర వసూలు చేస్తుంది. ఇక్కడ బిల్లింగ్ మేనేజర్‌ను "ఇవి రూమ్ అద్దెలో కలిసిపోవాల్సినవి కదా, విడిగా ఎందుకు వేశారు" అని అడగండి. చాలాసార్లు కొన్ని వరసలైనా తీసేస్తారు. నెట్‌వర్క్ హాస్పిటల్ అయితే ఇంకో కోత ఉంటుంది, 'టారిఫ్ తేడా' అని. హాస్పిటల్, ఇన్సూరెన్స్ కంపెనీ ముందే ఒప్పుకున్న ధరకు మించి బిల్లు వేసినందుకు పడిన కోత అది. ఆ తేడాను రోగి దగ్గర తీసుకోకూడదనేది ఇలాంటి ఒప్పందాల్లో మామూలుగా ఉండే షరతు. దాన్ని చూసి చూడకుండా కట్టేయకండి.

ప్యాకేజీ చికిత్స అయితే, ఏముందో కంటే ఏం లేదో ముందు రాయించుకోండి. సిజేరియన్ ప్యాకేజీలో బిడ్డ ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) ఖర్చు సాధారణంగా ఉండదు. యాంజియోప్లాస్టీ ప్యాకేజీలో స్టెంట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ప్యాకేజీ రోజులు దాటితే రోజుకెంతో అడగండి. ప్యాకేజీ బిల్లులో థియేటర్ గ్లవ్స్, కుట్ల దారాలు మళ్లీ విడిగా కనిపిస్తే అది రెండుసార్లు వేసినట్టే.

డిశ్చార్జ్ పూట

డాక్టర్ పొద్దున తొమ్మిదికి "ఇంటికెళ్లొచ్చు" అంటారు, బయటపడేసరికి రాత్రవుతుంది. 2024 మే నుంచి ఉన్న నియమం ప్రకారం క్యాష్‌లెస్ (హాస్పిటల్‌కు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి) అడిగిన గంటలో ఇన్సూరెన్స్ కంపెనీ జవాబివ్వాలి, డిశ్చార్జ్ రిక్వెస్ట్ హాస్పిటల్ నుంచి అందిన 3 గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై అదనపు రూమ్ అద్దె పడితే అది ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. అయితే గడియారం డాక్టర్ మాటతో మొదలవదు, హాస్పిటల్ కాగితాలు పంపాకే మొదలవుతుంది. ఆలస్యమంతా ఆ ముందు భాగంలోనే. అందుకే ముందురోజు సాయంత్రమే మందుల రిటర్న్ చేయించి, డిశ్చార్జ్ సమ్మరీ డ్రాఫ్ట్ సిద్ధం చేయమని అడగాలి. కాగితాలు ఎన్ని గంటలకు పంపారో డెస్క్‌లో అడిగి రాసుకోండి. హాస్పిటల్‌కు చెకౌట్ సమయం ఉందా, లేక చేరిన గంట నుంచి 24 గంటల లెక్కా అన్నది కూడా ముందే తెలుసుకోండి. చికిత్సలో ఉండగా రోగి చనిపోతే క్లెయిమ్ వెంటనే తేల్చి భౌతికకాయం అప్పగించేలా చూడాలని కూడా ఆ నియమాల్లో ఉంది. బిల్లు వివాదం ఉందని రోగినిగానీ, మృతదేహాన్నిగానీ ఆపే హక్కు హాస్పిటల్‌కు లేదు.

క్యాష్‌లెస్ ఉన్నా అడ్వాన్స్ అడుగుతారు. రసీదు తీసుకోండి, ఎప్పుడు తిరిగిస్తారో రాయించండి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం హాస్పిటల్‌కు కుదరదు, కార్డు లేదా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ సిద్ధంగా ఉంచుకోండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి అమ్మానాన్నల బిల్లు ఆన్‌లైన్‌లో కట్టే పిల్లలు, 'ఫైనల్ అమౌంట్' స్క్రీన్‌షాట్ చూసి కట్టేయకుండా వరసల వారీ బిల్లు పీడీఎఫ్ తెప్పించుకుని చూసి కట్టాలి.

చేరడానికి ముందు చేసిన టెస్టులు, డిశ్చార్జ్ తర్వాతి మందులు కూడా చాలా పాలసీల్లో వస్తాయి. ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు సాధారణం, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. దీన్ని వదిలేసేవాళ్లు చాలామంది. ఒరిజినల్ బిల్లులు, ప్రిస్క్రిప్షన్లు కావాలి. రెండు పాలసీలుంటే మొదటి కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్, హాస్పిటల్ అటెస్ట్ చేసిన కాపీలతో మిగిలింది రెండోదాంట్లో అడగొచ్చు. డెబ్బై వేల కోతలో కొంత ఇలా వెనక్కి రావచ్చు.

రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకానికి అర్హత ఉన్నవాళ్లు అడ్మిషన్ కౌంటర్ కంటే ముందు ఆ పథకం సహాయకులుండే ఆరోగ్యమిత్ర డెస్క్‌కు వెళ్లాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఒకసారి డబ్బు కట్టే పేషెంట్‌గా చేరితే మధ్యలో పథకంలోకి మార్చడం చాలా కష్టం. పథకంలో చేరాక మందుల పేరుతో డబ్బడిగితే 104కి చెప్పండి. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లకు, ఆదాయంతో సంబంధం లేకుండా, 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ వయ వందన కింద 5 లక్షల కవర్ ఉంది. పథకాల కిందకు రాని కుటుంబాలు ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేస్తాయి, దానికీ ఒరిజినల్ బిల్లులే కావాలి. ఎక్కడ ఒరిజినల్స్ ఇచ్చినా ముందు మొత్తం స్కాన్ చేసి పెట్టుకోండి.

కోత అన్యాయమనిపిస్తే

మొదట ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఈమెయిల్. అందులో కోపం కాదు, వరస కావాలి: బిల్లు పేజీ నంబర్, వస్తువు, కోసిన మొత్తం, పాలసీలో ఏ క్లాజు ప్రకారం రావాలో. తిరస్కరణ అయితే కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా చేయకూడదు, ఆ ఆమోదం ఉందా అని అడగండి. దాంతో పాటు ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, లేదా 155255కి ఫోన్ చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానాంకూ హైదరాబాద్ కార్యాలయమే. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

తగాదా హాస్పిటల్ బిల్లుతోనే అయితే దారి వేరు. ఎమ్మార్పీకి మించి తీసుకుంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు, రిజిస్ట్రేషన్, రేట్ల విషయాలైతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయాలి. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు ఉండదు. కమిషన్ ముందు నిలబడేది కాగితాలే: ఎస్టిమేట్, రోజువారీ ఇంటరిమ్ బిల్లులు, ఫైనల్ బిల్లు, కేస్ షీట్ కాపీ. కేస్ షీట్ కాపీ కోసం మెడికల్ రికార్డ్స్ విభాగంలో డిశ్చార్జ్ రోజునే దరఖాస్తు ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలో ఉంది. దరఖాస్తు మీద తేదీ, అందుకున్నట్టు ముద్ర రెండూ వేయించుకోండి.